వెయ్యని ఓట్లు

కోపం వస్తే బెనీటా ఉగాల్డే గొంతు పెరగదు, తగ్గుతుంది. డ్రై ఫోర్క్‌ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు, ఎందుకంటే వాళ్లంతా ఆమె నడిపిన స్కూలు బస్సులో చదువుకోడానికి వెళ్లినవాళ్లే. వెనక సీట్లో పిల్లలు కొట్టుకుంటుంటే ఆమె అరిచేది కాదు. బస్సు రోడ్డు పక్కకి తీసి, ఇంజను ఆపి, అద్దంలో వాళ్లనే చూస్తూ "కానివ్వండి, నాకేం తొందర లేదు" అనేది. జనవరి నెలలో హీటరు ఆగిన బస్సులో ఎంతసేపని కొట్టుకుంటారు?

ఆమె తండ్రి కుర్రతనంలో సముద్రం అవతలి బాస్కు కొండల నుంచి నెవాడా రాష్ట్రానికి గొర్రెలు కాయడానికి వచ్చాడు. తల్లి, కొండల మీంచి దిగొచ్చే కాపర్లకి గదులిచ్చి భోజనం పెట్టే ఇల్లు నడిపింది. ఒకటే పొడుగాటి బల్ల. దాని మీద వెల్లుల్లి చారు, చిక్కుడు గింజలు, గొర్రె మాంసం కూర, ఎర్ర ద్రాక్షసారా. ఎవరొచ్చినా ఆ బల్ల దగ్గరే కూర్చోవాలి. కాపర్లు పోయారు, తల్లిదండ్రులు పోయారు, ఇల్లు మాత్రం బెనీటాకి మిగిలింది. పెళ్లి ఒకటి జరిగింది గాని నిలవలేదు. దాని గురించి ఆమె మాట్లాడదు, ఊళ్లో ఎవరూ అడగరు. తమ్ముడు ఫెర్మిన్ బంగారు గనిలో పెద్ద లారీ నడుపుతాడు. అదే ఇంట్లో వెనక గదిలో ఉంటాడు. ఆదివారం నాడు బెనీటా ఇప్పటికీ ఆ బల్ల మీద వండి పెడుతుంది. ఊళ్లో ఒంటరివాళ్లు పదిమంది దాకా వచ్చి తిని వెళతారు.

బస్సు ఆమెకి ఉద్యోగం. అంబులెన్సు ఆమెకి ప్రాణం. డ్రై ఫోర్క్‌లో ఆస్పత్రి లేదు, డాక్టరు లేడు. ఫైర్ స్టేషన్లో ఒక పాత అంబులెన్సు ఉండేది. జీతం లేకుండా పనిచేసే నలుగురైదుగురు మనుషులుండేవాళ్లు. వాళ్లందరిలో పాతకాపు బెనీటా. శిక్షణ తీసుకుని ఇరవై ఏళ్లు దాటింది. ఆస్పత్రి దారిలో కొండ కనుమ దాటకముందే ఆ బండిలో పిల్లలు పుట్టారు. కొందరు ఆమె చెయ్యి పట్టుకుని పోయారు. వాళ్ల పేర్లు ఆమె ఎవరికీ చెప్పలేదు, మరిచిపోనూ లేదు.

ఆ బండిని కౌంటీ కమిషనర్లు తీసేశారు.

కౌంటీ అంటే జిల్లా లాంటిది. కార్బిన్ కౌంటీని నడిపేది ముగ్గురు కమిషనర్లు. ముగ్గురూ కౌంటీ ముఖ్యపట్నమైన కార్బిన్‌లోనే కూర్చుంటారు. కార్బిన్‌కీ డ్రై ఫోర్క్‌కీ మధ్య ఒక కొండ కనుమ, గంట పైచిలుకు ప్రయాణం. ముగ్గురిలో పెద్ద నోరు రస్ టోల్మన్‌ది. పశువుల ఆసామి. చెడ్డవాడనలేం. చావుకి పిలవకుండా వస్తాడు, ఎవరి లారీ మంచులో కూరుకుపోయినా తన ట్రాక్టరు తెచ్చి లాగుతాడు. ఆ మంచితనం వల్లే రెండుసార్లు గెలిచాడు. అంబులెన్సులన్నీ కార్బిన్‌లో ఒకచోట ఉంటే నిర్వహణ సులువని తీర్మానం పెట్టింది ఆయనే. అదే సమావేశంలో గుర్రప్పందేల మైదానానికి కొత్త రేకుల కప్పు వెయ్యాలన్న తీర్మానం కూడా నెగ్గింది.

బెనీటా ఆ రోజు లేచి నిలబడి అడిగింది. "రస్, కనుమ మీద మంచు పడితే మీ బండి ఎలా వస్తుంది?"

"మంచు పడ్డప్పుడు చూసుకుందాంలే బెనీటా. అన్నీ ముందే ఊహించుకుని భయపడితే ఎలా?"

పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆమె కూర్చుంది.

మంచు పడేదాకా ఆగాల్సిన పని రాలేదు. ఎండ కాస్తున్న ఏప్రిల్ పొద్దుట, స్కూలు వంటగదిలో వాండా బిక్స్‌లర్ రొట్టెల పళ్లెం పొయ్యిలోంచి తీస్తూ కింద పడిపోయింది. వాండా ఆ స్కూల్లో వంటమనిషి. బస్సు ఆపి అప్పుడే లోపలికొచ్చిన బెనీటా పరిగెత్తి, నేల మీద మోకాళ్లేసి, గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలుపెట్టింది. అంబులెన్సులో గుండెకి కరెంటు షాకిచ్చే పెట్టె ఉంటుంది. ఆ పెట్టె కార్బిన్‌లో ఉంది. ఎవరో ఫోను చేశారు. బండి బయల్దేరిందన్నారు. బెనీటా నొక్కుతూనే ఉంది. చేతులు మొద్దుబారితే టీచరొకామె కాసేపు నొక్కింది, మళ్లీ బెనీటా నొక్కింది. పొయ్యిలో మిగిలిన రొట్టెలు మాడి పొగ కమ్మింది. పొయ్యి ఎవరూ ఆర్పలేదు. బండి వచ్చేసరికి వాండా ముఖం మీద ఎవరో ఏప్రాన్ కప్పేశారు.

వాండా భర్త గిల్, గాలిమరలు, నీటి పంపులు బాగుచేసే మనిషి, ఎక్కడో పొలంలో గాలిమర ఎక్కి ఉన్నాడు. ఆయన్ని దింపి తీసుకురావడానికే చాలాసేపు పట్టింది.

అంత్యక్రియల తర్వాత భోజనాలు ఫైర్ స్టేషన్లో పెట్టారు, ఊళ్లో అంత పెద్ద గది ఇంకోటి లేదు కాబట్టి. టోల్మన్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. గిల్‌ని కౌగిలించుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదే. అది చూసినప్పుడే బెనీటాకి అసలు కోపం వచ్చింది. మర్నాడు బస్సు పని అవగానే కనుమ దాటి కార్బిన్ వెళ్లింది.

కౌంటీ క్లర్కు ఓడెట్ ప్రూట్ ఆమెకి హైస్కూలు నుంచి తెలుసు. ఇద్దరూ ఒకే బాస్కెట్‌బాల్ జట్టులో ఆడారు. పెళ్లి రిజిస్టర్లూ, భూమి కాగితాలూ, ఎన్నికలూ అన్నీ ఓడెట్ చేతిమీదే నడుస్తాయి. బెనీటా ఆమె బల్ల ముందు నిలబడి, గుసగుసలాంటి గొంతుతో, చెప్పాల్సిందంతా చెప్పింది. ముగ్గురు కమిషనర్లనీ వాళ్ల తాతల దాకా తిట్టింది. ఓడెట్ కళ్లజోడు తీసి అంతా విన్నది.

"అయిపోయిందా?"

"కాలేదు."

"సరే, మిగతాది ఇంకోరోజు తిట్టు. రస్ సీటుకి ఈ నవంబర్లో ఎన్నిక. నీకు పార్టీ ఉందా?"

"గొర్రెల కాపరి కూతుర్ని. నాకు పార్టీ ఎక్కడిది?"

"అయితే ముందు సంతకాలు తెచ్చుకో. నిన్ను నిలబెట్టొచ్చని ఓటర్లు సంతకాలు పెట్టాలి. అవి సరిపోతే నీ పేరు ఓటు కాగితం మీద వేస్తా."

"నేను కమిషనరా? నాకేం తెలుసే?"

"రస్‌కేం తెలుసు?" అంది ఓడెట్.

అలా మొదలైంది. నెవాడాలో ఎన్నికలంటే మాటలు కావు. గవర్నరు, జడ్జి, షెరీఫు, పన్నులు లెక్కగట్టే మనిషి, స్కూలు బోర్డు, అందరినీ ఓట్లతోనే ఎన్నుకోవాలి. ఓటు కాగితం రెండు వైపులా నిండి ఉంటుంది. కౌంటీ కమిషనరు పేరు వెనకవైపు వస్తుంది. ముందువైపు పెద్దపెద్ద పేర్లకి గుర్తుపెట్టి, కాగితం తిప్పకుండానే పెట్టెలో వేసేవాళ్లు ఎంతోమంది. అందుకని బెనీటా ప్రతి గుమ్మంలోనూ చెప్పిన మొదటి మాట ఒకటే. "కాగితం తిప్పండి."

ఆ వేసవంతా ఆమె తిరిగింది. పశువుల ఆసాముల ఇళ్లకి వెళితే కుక్కలు మీదికొచ్చేవి. గేట్లు తీసి, మూసి, మళ్లీ తీసి, మైళ్లకి మైళ్లు దుమ్ములో వెళ్లింది. మర్యాదలు ఆమెకి చేతకావు. "మీ ఆయనకి గుండె నొప్పుంది కదా, రాత్రిపూట వస్తే ఎవరొస్తారు?" అని సూటిగా అడిగేది. కొందరు తలుపు ముఖం మీదే వేశారు. కొందరు లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. ఫెర్మిన్ గనిలో సెలవు దొరికినప్పుడల్లా సుత్తి పట్టుకుని హైవే పొడుగునా ఆమె పేరున్న బోర్డులు పాతాడు. గాలికి పడిపోతే మళ్లీ పాతాడు.

"ఒరే, ఆ బోర్డు వంకరగా ఉందిరా" అనేది ఆమె.

"నువ్వూ వంకరే కదా బెనీ, సరిపోయింది" అనేవాడు అతను.

అక్టోబర్లో కార్బిన్ సంతలో టోల్మన్ పదిమంది ముందు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "బస్సు నడపడం, కౌంటీ నడపడం ఒకటి కాదు బెనీటా. నీ మంచికోరి చెబుతున్నా."

ఆమె ఆ చేతిని రెండు వేళ్లతో పట్టి తీసేసింది. "నా బస్సెక్కినవాళ్లందరూ ఇల్లు చేరారు, రస్. నీ కౌంటీలో వాండా చేరలేదు."

ఆ మాట సాయంత్రానికల్లా కౌంటీ అంతా పాకింది. కొందరు శభాష్ అన్నారు. చచ్చినావిడ పేరు ఎన్నికల్లోకి లాగడం బాగోలేదని కొందరన్నారు.

ఎన్నిక రోజున పోలింగు ఫైర్ స్టేషన్లో. పోటీలో నిలబడ్డ మనిషి తన ఓటు వేశాక ఆ గుమ్మం దాపుల్లో ఉండకూడదని చట్టం. కాబట్టి బెనీటా పొద్దుటే తన ఓటు తను వేసి, ఎప్పట్లాగే పిల్లల్ని బస్సెక్కించి, సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. లెక్క తేలడానికి రోజులు పట్టింది. మొదట టోల్మన్ ముందున్నాడు. తర్వాత పోస్టులో వచ్చిన ఓట్లు తెరిస్తే తేడా తగ్గింది. చివరి కట్ట విప్పాక ఓడెట్ ఫోను చేసింది.

"కూర్చున్నావా?"

"గెలిచానా?"

"లేదు."

"ఓడిపోయానా?"

"అదీ లేదు. ఇద్దరికీ సరిసమానం. ఒక్క ఓటు తేడా లేదు."

మళ్లీ లెక్కపెట్టారు. ఇద్దరి మనుషులూ పక్కన నిలబడి చూస్తుండగా ఒక్కో కాగితం తిప్పి చూశారు. అదే లెక్క. ముందువైపు గుర్తులు పెట్టి వెనకవైపు ఖాళీగా వదిలేసిన కాగితాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. 

"ఇప్పుడేం చేస్తారు? మళ్లీ ఓట్లా?" అని అడిగింది బెనీటా.

ఓడెట్ కాస్త నీళ్లు నమిలింది. "ఓట్లు సమానమైతే చీటీ వెయ్యాలి. చట్టం అంతే చెబుతుంది. చీటీలా, నాణెమా అన్నది మన ఇష్టం. మన కౌంటీలో ఎప్పుడూ పేకముక్కలే."

"ఏమన్నావ్?"

"ఎవరికి పెద్ద ముక్క వస్తే వాళ్లే కమిషనరు."

 బెనీటా ఏమంటోందో ఓడెట్ ముందుకి వంగి వినాల్సివచ్చింది. "ఆర్నెల్లు తిరిగాను. నాలుగేళ్లు ఈ ఊళ్లకి అంబులెన్సు ఉండాలా అక్కర్లేదా అన్నది నువ్వు పేకముక్క వేసి తేలుస్తావా?"

"నేను రాసిన చట్టం కాదు బెనీటా."

"ఎవడు రాశాడో వాడి ఇంట్లో ఎవరూ నేల మీద పడి చావలేదు."

ఆ రోజు కమిషనర్ల గది కిటకిటలాడింది. డ్రై ఫోర్క్ నుంచి లారీలు కట్టుకుని వచ్చారు. ఒక పత్రిక మనిషి కెమెరాతో వచ్చాడు. ఓడెట్ కొత్త పేకకట్ట సీలు విప్పింది. జోకర్లు తీసేసింది. షెరీఫు ముక్కలు కలిపి, బల్ల మీద విసనకర్రలా పరిచాడు. ఎవరు ముందు తియ్యాలన్నదానికి నాణెం ఎగరేశారు. బెనీటా ముందు.

"నెవాడా కదా మరి! జూదం మన రక్తంలోనే ఉంది" అన్నాడు టోల్మన్. గదంతా నవ్వింది. నవ్వినవాళ్లలో డ్రై ఫోర్క్ వాళ్లూ ఉన్నారు. బెనీటా వెనక్కి తిరిగి వాళ్లని చూసింది. నవ్వు ఆగింది.

ఆమె ముక్క తీసింది. కళావరు ఎనిమిది.

టోల్మన్ టోపీ తీసి పక్కన పెట్టాడు. ఇప్పుడు అతను నవ్వడం లేదు. అతని చెయ్యి ముక్కల మీద కాసేపు తిరిగి, చివరి నుంచి ఒకటి లాగింది. తిప్పి చూపించాడు. ఆఠీను తొమ్మిది.

కొందరు చప్పట్లు కొట్టారు. టోల్మన్ చెయ్యి చాపాడు. బెనీటా ఆ చెయ్యి చూసింది, ఓడెట్‌ని చూసింది, చేతిలో ముక్కని బోర్లా బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

బయట గాలి కోస్తోంది. బెనీటా చిన్న లారీ దగ్గర ఫెర్మిన్ నిలబడి ఉన్నాడు. అతను గదిలోకి రాలేదని అప్పుడు తట్టింది ఆమెకి. అతని ముఖం సున్నంలా తెల్లగా ఉంది.

"బెనీ, నీకో మాట చెప్పాలి."

"ఇంటికెళ్లాక చెప్పు."

"ఇప్పుడే చెప్పాలి. నేను ఓటు వెయ్యలేదు."

ఆమెకి మాట అర్థమైంది, దాని భావం అర్థం కాలేదు. "ఎక్కడ వెయ్యలేదు?"

"ఎక్కడా వెయ్యలేదు. గనిలో షిఫ్టు దిగి వచ్చాను. ఒళ్లు హూనమైపోయింది. ఫైర్ స్టేషన్ దగ్గర మనుషులు బారులు తీరి ఉన్నారు. అంతమంది వచ్చారంటే ఎలాగూ గెలుస్తావనుకున్నా. కాసేపు నడుం వాల్చి వద్దామని ఇంటికెళ్లా. లేచేసరికి చీకటి. నా ఒక్కడి ఓటు..."

"అనకు" అంది బెనీటా.

"నా ఒక్కడి ఓటు దగ్గర ఆగుతుందని ఎవరనుకుంటారు బెనీ?"

"అనొద్దన్నానా?"

ఆమె లారీ ఎక్కింది. అతను రెండో వైపు తలుపు దగ్గరికి వచ్చేలోపే లోపలి నుంచి గొళ్లెం వేసింది. ఫెర్మిన్ అద్దం మీద అరచేత్తో కొట్టాడు. ఆమె అతని వైపు చూడలేదు. కనుమ ఎక్కుతుంటే గట్టిగా అరవాలనిపించింది, లారీలో ఒంటరిగా ఉన్నా ఆమెకి గొంతు లేవలేదు. ఫెర్మిన్ ఎవరి బండో ఎక్కి ఇల్లు చేరాడు. అతని పక్కబట్టలు వరండాలో ఉన్నాయి. వాటిని ఎత్తుకుని, గని వాళ్లు కూలీలకి ఉండడానికిచ్చే చక్రాల ట్రెయిలర్‌కి మారిపోయాడు.

తమ్ముడి నిర్వాకం ఆమె ఎవరికీ చెప్పలేదు. అతనే చెప్పాడు. బార్లో కూర్చుని, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకున్నాడు. తిట్టినవాళ్లు తిట్టారు. కాని విచిత్రం, తిట్టాల్సినవాళ్లలో సగం మంది తలలు దించుకున్నారు. ఒకడు వేటకి వెళ్లాడట. ఒకావిడ ఊరు మారాక ఓటర్ల జాబితాలో పేరు మార్పించుకోలేదట. ఒకాయన కాగితం తిప్పడం మరిచిపోయాడట. ఆ మాటలన్నీ బెనీటా చెవిన పడ్డాయి. ఆదివారం భోజనాలు మానేసింది. పొడుగాటి బల్ల మీద ఒక కంచమే.

ఎవరి దగ్గరైనా మనసు విప్పి తిట్టుకోవాలంటే గిల్ బిక్స్‌లర్ దగ్గరే అనుకుంది ఒకరోజు. వాళ్లింటికి వెళ్లింది. గిల్ షెడ్డులో పంపు విప్పుతున్నాడు. ఆమె మొదలుపెట్టింది. ఫెర్మిన్‌ని, ఊరిని, ముక్కల్ని, అందరినీ తిట్టింది. గిల్ పాన పక్కన పెట్టి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"నేనూ వెయ్యలేదు, బెనీటా."

గిల్ ఆ గుడ్డని మడిచి పక్కన పెట్టాడు.

"వచ్చాను. ఫైర్ స్టేషన్ గుమ్మం దాకా వచ్చాను. అంబులెన్సు ఉండే చోటే ఓట్లు వేసే బల్లలు పెట్టారు. అక్కడే నిలబడి కదా వాండా అంత్యక్రియల రోజు అందరూ అన్నాలు తిన్నది. లోపలికి అడుగుపడలేదు. లారీలో కూర్చున్నా కాసేపు. వెళ్లిపోయా."

బెనీటాకి ఏమనాలో తెలుసు. జాలిపడాలి, భుజం తట్టాలి. నోట్లోంచి వచ్చింది వేరు. "నీ పెళ్లాం కోసం నాలుగడుగులు వెయ్యలేకపోయావా?"

 గిల్ మళ్లీ పాన తీసుకుని పంపు ముందు కూర్చున్నాడు. ఎంత బిగించినా ఆ మర పట్టడం లేదు. బెనీటా అక్కడే నిలబడి అతని చేతులు చూసింది. అప్పుడామెకి తను చేసింది తట్టింది. వేసవంతా ప్రతి గుమ్మం తొక్కింది, గిల్ గుమ్మం తప్ప. అతని ఓటు ఎక్కడికి పోతుందిలే అనుకుంది. ఫెర్మిన్ సంగతీ అంతే. పక్క గదిలో ఉన్నవాణ్ణి ఏ రోజూ అడగలేదు. పోస్టులో ఓటు వెయ్యొచ్చని, ఆ గుమ్మం తొక్కక్కర్లేదని, గిల్‌కి ఒక్క మాట చెప్పి ఉంటే చాలు.

"గిల్," అంది. "ఆ మాట నేను అనకూడదు."

"అన్నావుగా."

"అన్నాను."

ఆమె ఇంటికి పోలేదు. మళ్లీ కనుమ దాటి ఓడెట్ ముందుకే వెళ్లింది. "నాలుగేళ్లు ఆగాలా? ఇంకో దారి లేదా?"

ఉంది. గెలిచినవాడు పదవిలో కూర్చుని ఆర్నెల్లు అయ్యాక అతన్ని వెనక్కి పిలవొచ్చు. దానికి జనం సంతకాలు కావాలి, ఆ ఎన్నికలో ఓటేసినవాళ్లలో నాలుగో వంతు మంది. అవి చాలితే మళ్లీ ఎన్నిక పెడతారు.

ఆ వేసవిలో బెనీటా మళ్లీ గేట్లు తియ్యడం మొదలుపెట్టింది. బార్లో తలలు దించుకున్నవాళ్లు ఈసారి ముందే వచ్చారు. మొదట వచ్చింది ఫెర్మిన్. ఆమె బల్ల మీద కాగితాలు సర్దుకుంటుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చిక్కిపోయాడు.

"సంతకం పెడతా. ఇదైనా పెట్టనీ."

బెనీటా తల ఎత్తలేదు. "నీ సంతకం చెల్లదు."

"అదేంటి? నేను ఓటర్నే కదా!"

"ఆ రోజు ఓటు వేసినవాళ్ల సంతకాలే చెల్లుతాయి. ఓడెట్ చెప్పింది. చట్టం అది. నువ్వు పెడితే వాళ్లు కొట్టేస్తారు. గిల్‌దీ చెల్లదు. సగం ఊరిది చెల్లదు."

ఫెర్మిన్ గోడకి ఆనుకున్నాడు. "ఒకసారి నిద్రపోయినందుకు ఇంకా ఎన్నిసార్లు చస్తాను బెనీ?"

"వాండా ఒక్కసారే చచ్చింది" అంది ఆమె. ఆ మాట అని, కాగితాలు సర్ది పక్కన పెట్టింది. తర్వాత లారీ తాళాలు అతని వైపు తోసింది. "సంతకం చెల్లదు గాని డ్రైవింగు చెల్లుతుంది. నా కళ్లు సాయంత్రం పూట సరిగా ఆనట్లేదు. పద."

అలా అతను నడిపాడు, ఆమె గుమ్మాలు ఎక్కింది. లారీలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆసాముల గేట్లు అతను తీసేవాడు, మూసేవాడు. టోల్మన్ ఊరుకోలేదు. కొన్ని సంతకాలు చెల్లవని కోర్టుకెక్కాడు. "ఓడిపోయిన ఆడదాని ఉక్రోషం ఇది" అని రేడియోలో అన్నాడు. అది విని బెనీటా రేడియో ఆపలేదు, ఇంకాస్త పెద్దది చేసింది. జడ్జి కొన్ని సంతకాలు తీసేశాడు. మిగిలినవి సరిపోయాయి.

రెండో ఎన్నిక డిసెంబర్లో వచ్చింది. ఈసారి బెనీటా ముందుగా తట్టింది, తనకే ఓటేస్తారని గట్టిగా తెలిసినవాళ్ల తలుపులు. వాళ్లకి కోపం వచ్చింది కూడా. "మేమెందుకు వెయ్యం?" అన్నారు. "పోయినసారీ ఇలాగే అన్నారు" అంది ఆమె. గిల్ ఇంటికి పోస్టు ఓటు కాగితం తెప్పించి పెట్టమని అతని చెల్లెలికి చెప్పింది. అతను వేశాడో లేదో అడగలేదు. పోలింగు రోజున గని షిఫ్టు దిగగానే ఫెర్మిన్ ఫైర్ స్టేషన్ ముందు మంచులో, చలికి కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాడు. అతని ముందు చాలామందే ఉన్నారు. ఆ బారు కదలడానికి చాలాసేపు పట్టింది. అతను బారు వదిలి కదల్లేదు.

బెనీటా గెలిచింది. పేక అక్కర్లేనంత తేడాతో గెలిచింది.

అయినా మర్నాడే అంబులెన్సు వచ్చెయ్యలేదు. ముగ్గురిలో ఆమె ఒక్కతే. మిగతా ఇద్దరూ ఆలోచిద్దామన్నారు, కమిటీ వేద్దామన్నారు. వేసవి వచ్చేదాకా ఆలోచించారు. ప్రతి సమావేశంలోనూ బెనీటా ఆ తీర్మానమే పెట్టింది. వాళ్లు వాయిదా వేస్తే మరుసటి సమావేశంలో మళ్లీ అదే పెట్టింది, గొంతు ప్రతిసారీ కాస్త తగ్గించి. చివరికి ఆ ఇద్దరిలో చిన్నవాడు, మందుల దుకాణం నడిపే మనిషి, విసిగిపోయి చెయ్యి ఎత్తాడు. "ఈవిడ గుసగుస వినలేక చస్తున్నాం" అన్నాడు. అతను నవ్వులాటకి అన్నా, ఆమె నవ్వలేదు.

వచ్చింది కొత్త బండి కాదు, పాతదే. ఎడమవైపు తలుపు గట్టిగా లాగితేగాని పడదు. ఫెర్మిన్ గని సెలవుల్లో శిక్షణకి వెళ్లి నేర్చుకుని, అంబులెన్సు మీద రాత్రి వంతు తీసుకున్నాడు. క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు. అతనూ అడగలేదు. ఆదివారం భోజనాలు మళ్లీ మొదలయ్యాయి. గిల్ బిక్స్‌లర్ కూడా వస్తాడు. బల్ల చివర కూర్చుంటాడు, ఎక్కువ మాట్లాడడు.

బెనీటా ఆ పదవిలో ఇంకోసారి కూడా గెలిచింది. తర్వాత చాలని దిగిపోయింది. ఆమె కోపం మాత్రం దిగలేదు. ఇప్పుడు డెబ్భై దగ్గరపడుతోంది. పోయిన ఎన్నికల పొద్దున పక్కింటికి కొత్తగా వచ్చిన కుర్ర దంపతుల తలుపు తట్టింది. ఆ కుర్రాడు నిద్రకళ్లతో వచ్చి, "మేం రాజకీయాలు పట్టించుకోమండీ" అన్నాడు.

"నేనూ పట్టించుకోను. చెప్పులేసుకో."

"ఎవరికి వెయ్యమంటారు?"

"అది నీ ఇష్టం, నాకు చెప్పకు" అని, ఆమె మెట్లు దిగి మరో ఇంటి వైపు నడిచింది.